పదకొండు నెలలు

రైస్‌థార్ప్,
8 ఫిబ్రవరి 1998

అన్నయ్యా,

నీకూ వదినకీ నమస్కారాలు. ఇక్కడ అందరం క్షేమం అని రాసి, పెన్ను పట్టుకుని అరగంట కూర్చున్నాను. క్షేమమే. కానీ నీతో పని పడింది, ఎలా అడగాలో తోచలేదు. నువ్వేమో హెడ్మాస్టరువి. ముందు అక్షరదోషాలు దిద్దుతావు, తర్వాత సంగతి చదువుతావు.

ఆయనకి మునిసిపాలిటీ నీళ్ళ విభాగంలో ఇది మూడో ఏడు. శాశ్వత నివాసానికి దరఖాస్తు పెట్టాం, ఇంకా ఏమీ తేలలేదు. పక్కింటి మునియమ్మగారి గురించి ఇదివరకు రాశాను కదా, వాళ్ళ తాతలు మన వైపు నుంచే ఇక్కడి చెరకు తోటల్లో కూలికి వచ్చినవాళ్ళు. ఆవిడ మనవరాలు మెషికా రెండేళ్ళ కిందట మన నవ్యని వెంటబెట్టుకుని చీర్‌లీడింగ్ క్లబ్బుకి తీసుకెళ్ళింది. ఇది ఆటగాళ్ళ కోసం గట్టు మీద నిలబడి అరిచేది అనుకోకు. ఇదే ఒక పోటీ. ఇరవైమంది ఆడపిల్లలు పల్టీలు కొడతారు, ఒకరి మీద ఒకరు ఎక్కి నిలబడతారు. కింద మోసేవాళ్ళు బేస్‌లు, పైన నిలబడేది ఫ్లయర్. మెషికా బేస్, మన పిల్ల ఫ్లయర్. ఫోటో పెడుతున్నాను.

నేర్పే అమ్మాయి పేరు వెలరీ. ప్రతి పిల్లకీ ఒక కార్డు పెట్టింది. మొదటి ఏడు తొడల మీద నిలబడటం, రెండో ఏడు భుజాల ఎత్తులో రెండు కాళ్ళ మీద, మూడో ఏడు అదే ఎత్తులో ఒంటికాలి మీద. ఒక మెట్టు వచ్చి సంతకం పడితేనే తర్వాతి మెట్టు. నవ్య ఈ ఏడు మూడో మెట్టు నేర్చుకోవాలి.

ఇప్పుడు అసలు సంగతి. ఇదివరకు తెల్లవాళ్ళ బడులకి ఒక సంఘం, ఇండియన్ పిల్లలకి ఒక సంఘం. తెల్లవాళ్ళ పాలన పోయి ఎన్నికలయ్యాక అన్నీ కలుస్తున్నట్టే ఇవీ కలిశాయి, సంతోషమే. కలిసిన సంఘం కొత్త రూల్సు పుస్తకం వేసింది. ఇదివరకు పోటీ రోజుకి పదమూడు దాటకపోతే జూనియర్. ఇప్పుడు 1987లో గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళే జూనియర్, 86 వాళ్ళు సీనియర్. సీనియర్లలో బేస్‌లు చేతులు పూర్తిగా పైకి చాపి, ఫ్లయర్‌ని ఒంటికాలి మీద నిలబెట్టాలి. లేకపోతే మార్కులు పడవు. వెలరీ కార్డులు ఎవరికీ అక్కర్లేదట. ఏ ఏడు పుట్టావో దాన్ని బట్టి ఏం చెయ్యాలో ఉంటుంది.

నవ్య 1987 మే నాలుగున పుట్టింది, నీకూ నాకూ తెలుసు. పాస్‌పోర్టులో 1986 జూన్ పది. నేను బి.ఇడి.కి రాజమండ్రి వెళ్తూ పిల్లని నీ దగ్గర వదిలితే, ఇంట్లో చూసేవాళ్ళు లేరని నీ బళ్ళోనే ఒకటో తరగతిలో కూర్చోబెట్టావు. అయిదు నిండాలి గనక రిజిస్టరులో పదకొండు నెలలు కలిపావు. నిన్ను తప్పుపట్టడం లేదు. ఆ రోజు నేను నీకు దణ్ణం పెట్టి బస్సెక్కాను.

పంచాయతీలో పుట్టుక నకలు తీయించి, బడి రిజిస్టరులో తేదీ తప్పుగా పడిందని నీ సంతకంతో ఒక ఉత్తరం రాసి పంపు. అవి ఉంటే డర్బన్‌లో మన కాన్సలేటుకి వెళ్ళి పాస్‌పోర్టు దిద్దిస్తాం. కాగితం లేకుండా నోటితో చెబితే దొంగ తేదీతో వచ్చారంటారని ఆయన భయం. మే పదిహేనుకి క్లబ్బు పేర్లు పంపేస్తుంది. ఫోను చేద్దామంటే మీ పోస్టాఫీసులో నలుగురి ముందు మాట్లాడాలి, ఇది అలా మాట్లాడేది కాదు.

నీ చెల్లెలు
వసంత

*

మల్లెలంక,
3 మార్చి 1998

వసంతమ్మాయికి అన్నయ్య గిరిధరరావు దీవెనలు.

నీ ఉత్తరంలో మూడు దోషాలే ఉన్నాయి. ఆ దేశం వెళ్ళాక బాగుపడ్డావు.

ఫోటో చేరింది. మీ వదిన చూసి, "గౌను మోకాలి దాకా కూడా లేదేమిటండీ" అని దేవుడి పటం వెనక పెట్టేసింది. నేను మళ్ళీ తీసి చూశాను. మేనకోడలు నవ్వితే మన అమ్మలా ఉంది. కానీ ఆడపిల్లని నలుగురి భుజాల మీద నిలబెట్టడమేమిటమ్మా? మనం ఊరేగింపులో ఉత్సవ విగ్రహాన్ని అలా మోస్తాం. విగ్రహానికైనా తాళ్ళు కడతాం.

నువ్వడిగింది రెండుసార్లు చదివాను. వయసు తగ్గించి, చిన్నపిల్లల మధ్య ఆడించి, కప్పు కొట్టిస్తే అందులో గొప్పేముంది? మన బళ్ళో మండల పోటీలకి ఇలాగే ఏడో తరగతి వాళ్ళని అయిదో తరగతి అని పంపేవాళ్ళు. నేను వచ్చాక మాన్పించాను. పెద్దవాళ్ళతో ఆడితే పెద్ద ఆట వస్తుంది. గోరంతని కొండంత చేయకు. పదకొండు నెలలే కదా.

రిజిస్టరు సంగతంటావా, 96 తుఫానుకి బీరువాలోకి నీళ్ళొచ్చి పాత పుస్తకాలన్నీ ముద్దయిపోయాయి. పంచాయతీ గుమస్తా కూడా సెలవు మీద ఉన్నాడు.

మంచి మాట ఒకటి. నన్ను మండల విద్యాధికారిగా వేస్తారని చెప్పుకుంటున్నారు. ఫైలు కాకినాడ దాకా కదిలింది. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో ఒక్క మచ్చ లేదు, చూద్దాం.

బావగారికి నమస్కారాలు. నవ్యని నాకు తెలుగులో ఉత్తరం రాయమను.

ఆశీస్సులతో
అన్నయ్య

*

రైస్‌థార్ప్,
25 మార్చి 1998

అన్నయ్యా,

నమస్కారం పెట్టే మొదలుపెడుతున్నాను, కోపంగా ఉన్నా.

వయసు తగ్గించమని నేనెక్కడ రాశాను? కలిపినదాన్ని తీసెయ్యమన్నాను. నీ తమ్ముడి లెక్కల పేపరు నువ్వే దిద్ది మార్కులు కలిపినప్పుడు ఇంత నీతి నీకు గుర్తొచ్చిందా? ఇక రిజిస్టరు. పోయిన జూలైలో ఇక్కడి బడికి నవ్య పాత చదువు కాగితం కావాలంటే, రిజిస్టరు చూసి రాశానని నువ్వే పంపావు. తుఫాను వచ్చింది అంతకు ముందు నవంబరులో. ఎండబెట్టి చదివావా?

కప్పు ఎవడిక్కావాలి! నాకు కావలసింది ఆ ఒక్క ఏడు. భుజాల ఎత్తులో ఒంటికాలి మీద నిలబడటం రావాలంటే పిల్లకి ఒక ఏడు పడుతుందని వెలరీయే చెప్పింది. నడుము బిగించడం, పడుతున్నప్పుడు చేతులు విదల్చకుండా ఒళ్ళు దగ్గరికి తీసుకుని కిందవాళ్ళ చేతుల్లోకి వాలడం, ఇవన్నీ ఆ ఎత్తులో వందలసార్లు పడి నేర్చుకోవాలి. ఆ ఎత్తు నుంచి పడితే పట్టుకుంటారు. చేతులు చాపిన ఎత్తు నుంచి పడితే పట్టుకోవడానికి వేరే నేర్పు కావాలి, పైనున్నదానికీ కిందున్నవాళ్ళకీ. అక్షరాలు రాని పిల్లని నువ్వు రెండో తరగతిలో వేస్తావా? వెయ్యవు. ఒకటో తరగతిలో వేశావు, అంతే.

వెలరీకి సంగతి తెలియదు. ఇసిపింగో ఊరి క్లబ్బు వాళ్ళ సీనియర్ జట్టుని చూసి బెంగపడుతోంది. వాళ్ళ ఫ్లయర్లు పదిహేనేళ్ళ పిల్లలు, ఆరితేరినవాళ్ళు, కానీ బరువు. మన నవ్యని ఎత్తి దింపి, "ఆంటీ, పన్నెండో ఏడు నడుస్తున్న పిల్ల ఇంత తేలిగ్గా ఉండటం నేనెక్కడా చూడలేదు. దేవుడు పంపాడు" అంది. నేను నవ్వాను. ఇంటికొచ్చి ఏడ్చాను.

మునియమ్మగారు మాత్రం మెట్ల మీద కూర్చుని నవ్య మణికట్టు పట్టుకుని చూసి, "ఐకోనా అమ్మా, కానే కాదు, ఈ పిల్లకి పన్నెండు లేదు. నేను ఏడుగురిని కన్నా. ఎముక చూస్తే నాకు తెలుస్తాది. టూ స్మాల్" అంది. నేను మాట మార్చి, పప్పులోకి మామిడికాయ ఉందా అని అడిగాను. ఆవిడ నా ముఖం చూసి, కాయ తేవడానికి లోపలికి లేచింది.

వయసు ధ్రువపత్రం క్లబ్బుకి మే పదిహేనులోగా చేరాలి. నా చేతికొచ్చి, నేను తీసుకెళ్ళేసరికి ఆలస్యమవుతుందేమో. వెనక వైపు క్లబ్బు చిరునామా రాశాను, ఒక ప్రతి నేరుగా వాళ్ళకి పంపు. అసలు తేదీతో. అన్నయ్యా, నిన్ను నేను పెద్దగా ఏమీ అడిగి ఎరగను.

వసంత

*

మల్లెలంక,
21 ఏప్రిల్ 1998

వసంతమ్మాయికి దీవెనలు.

తమ్ముడి లెక్కల పేపరు సంగతి ఇప్పుడెందుకు? వాడు ఇప్పుడు బ్యాంకులో పనిచేస్తున్నాడు, ఎవరికీ నష్టం లేదు.

సరే, రిజిస్టరు తడవలేదు. ఒప్పుకున్నాను. కానీ నువ్వూ ఆలోచించు. ఒక పిల్లకి రెండు పుట్టిన తేదీలున్నాయని మనమే కాగితం మీద పెట్టి ప్రపంచానికి చూపిస్తే ఏమవుతుంది? బావగారి దరఖాస్తు చూసేవాడు, ఇది అబద్ధమైతే ఇంకేమేం అబద్ధాలో అనడా? ఇక్కడ నా ఫైలు చూసేవాడు ఊరుకుంటాడా? నలుగురం పచ్చగా ఉన్నాం.

అందుకని మూడు రోజులు కాలుగాలిన పిల్లిలా తిరిగి, ఒక దారి చూశాను. నువ్విచ్చిన చిరునామాకి, బడి లెటర్‌హెడ్ మీద, ఇంగ్లీషులో, గుండ్రటి సీలు వేసి ధ్రువపత్రం పంపించేశాను. ఎయిర్ మెయిల్, రిజిస్టర్డు. రిజిస్టరు ప్రకారం పుట్టిన తేదీ 10-6-1986 అని స్పష్టంగా రాశాను. ఇక ఎవరూ అనుమానించరు, ఎవరూ అడగరు. నీ భయం తీరిపోతుంది.

పిల్ల గురించి బెంగ వద్దు. మన నవ్య నాలుగేళ్ళకే ఒకటో తరగతి పిల్లలందరి కంటే ముందు గుణింతాలు చెప్పింది. మెట్లు ఎగిరి దాటే రకం.

మామిడికాయ మాట రాశావు. ఈసారి చెట్టు విరగకాసింది. మీ వదిన ఆవకాయ జాడీ దింపుతూ నీ పేరు తలచింది.

అన్నయ్య

*

రైస్‌థార్ప్,
24 మే 1998

అన్నయ్యా,

నీ ధ్రువపత్రం చేరింది. నాకంటే ముందు క్లబ్బు చూసింది. వెలరీ ఆ కాగితాన్ని ఊపుకుంటూ గేటు దాకా ఎదురొచ్చింది. ఇంత చక్కటి సీలు ఆవిడ ఎప్పుడూ చూడలేదట. సంఘానికి పంపే పేర్లలో నవ్య పేరు సీనియర్లలో మొదట రాసింది. నీకు థాంక్స్ చెప్పమంది. చెబుతున్నాను.

నీ మీద కోపం తెచ్చుకుందామంటే నాకు చేతకావడం లేదు. నువ్వు రాసినదే ఆయనా అన్నారు. ఆ రాత ఈ ఇంట్లోనే పుట్టినట్టుంది. నేను వెలరీ దగ్గరికి వెళ్ళి ఉన్నమాట చెప్పేస్తానన్నాను. ఆయన తలుపు దగ్గర నిలబడి, "దరఖాస్తు తేలే దాకా ఆగు. తర్వాత నువ్వెక్కడ చెప్పినా నేను ఆపను" అన్నారు. ఆగాను. ఆయన్ని అనడం తేలిక, కానీ కాళ్ళు నావే కదా, దాటి వెళ్ళొచ్చు. వెళ్ళలేదు.

పోనీ జట్టులోంచి మాన్పిద్దామని చూశాను. ఒక వారం పంపలేదు. పిల్ల గొడవ చెయ్యలేదు, అదే నన్ను చంపింది. ప్రతి సాయంత్రం ఆ బట్టలు వేసుకుని, జడ బిగించుకుని, వీధి వైపు కుర్చీలో కూర్చునేది. ఎనిమిదో రోజు నేనే తీసుకెళ్ళాను.

ఇప్పుడు వాళ్ళు నేర్చుకుంటున్నది నీకు చెప్పాలి. తెల్లపిల్లల బడుల్లో కింద స్ప్రింగు నేల ఉంటుంది. మాది కమ్యూనిటీ హాలు, సిమెంటు మీద పల్చటి చాపలు. రూలు మాత్రం అందరికీ ఒక్కటే. మెషికా, ఇంకో ఇద్దరూ చేతులు పైకి చాపితే, మధ్యలో మన పిల్ల ఒంటికాలి మీద. మొదటి రోజు నాలుగుసార్లు పడింది, నాలుగుసార్లూ పట్టుకున్నారు. పడేటప్పుడు చేతులు విదిలిస్తోంది అన్నయ్యా. అది భుజాల ఎత్తులో ఒక ఏడు పడితే పోయే అలవాటు. ఈ ఏడు ఇంకా తక్కువ ఎత్తులో చేయించమని వెలరీని బతిమాలాను. "ఆంటీ, నాకు మాత్రం ఇష్టమా? రూలు నేను రాయలేదు. ఈ ఎత్తు చూపించకపోతే జట్టు మొత్తానికి మార్కులు పోతాయి. కాగితం మీద 86 అని ఉందే" అంది. ఆవిడ మంచిదే. ఆవిడ చేతిలోనూ ఒక కాగితమే ఉంది.

నవ్య ఏమంటుందో తెలుసా? "అమ్మా, అక్కడ నిలబడితే హాలు పైకిటికీలోంచి రోడ్డు కనిపిస్తుంది. చీరల షాపు బోర్డు కూడా. నేనొక్కదాన్నే చూస్తాను తెలుసా!" దాని ముఖం అంత వెలుగుగా నేనెప్పుడూ చూడలేదు. నేను నవ్వి, ఇంకాస్త అన్నం పెట్టాను.

పదకొండు నెలలే కదా అన్నావు. గిన్నెలు తోముతూ ఆ మాట నాకు నేనూ చెప్పుకుంటున్నాను.

వసంత

*

మల్లెలంక,
22 జూన్ 1998

వసంతమ్మాయికి దీవెనలు.

ఆర్డరు వచ్చింది! మండల విద్యాధికారి గిరిధరరావు గారు అని మొన్న పోస్ట్‌మాన్ అరిచి మరీ ఇచ్చాడు. మీ వదిన ఊరంతా మైసూరుపాకు పంచింది. జూలై ఒకటిన చేరతాను.

నీ ఉత్తరం చదివి మనసు పాడయింది. అందుకే మొన్న పంచాయతీకి వెళ్ళాను. నవ్య పుట్టుక అక్కడ పుస్తకంలో చక్కగా ఉంది, 4-5-1987, మన నాన్న చేవ్రాలుతో. నకలు ఇవ్వడానికి గుమస్తా సిద్ధం. కొత్తగా చేరుతున్నాను కదమ్మా, కాస్త సర్దుకోనీ. దసరా సెలవుల్లో తీసి, రిజిస్టరు దిద్ది, రెండూ పంపుతాను. ఇది మాట. వచ్చే ఏటికి అంతా సరి అవుతుంది.

అంతవరకు పిల్లని జాగ్రత్తగా చేయమను. చేతులు విదల్చవద్దని మావయ్య చెప్పాడని చెప్పు. పైన నిలబడ్డ ఫోటో ఒకటి పంపు. ఈసారి మీ వదినకి చూపించకుండా ఆఫీసు బల్ల మీద పెట్టుకుంటాను.

అన్నయ్య

*

రైస్‌థార్ప్,
19 ఆగస్టు 1998

అన్నయ్యా,

ఆయన పోస్టాఫీసుకి ఫోను చేసి పడిందని మాత్రం చెప్పారు. మిగతాది నేను రాయాలి.

ఎనిమిదో తారీఖు శనివారం, మధ్యాహ్నం. నేను హాల్లోనే ఉన్నాను. సంగీతంతో కలిపి మొదటిసారి మొత్తం చేస్తున్నారు. పైకి వెళ్ళింది, నిలబడింది, నవ్వింది. కాలు వణికింది. ముందుకు వాలాల్సింది వెనక్కి వాలింది, చేతులు విదిల్చింది. ఒక మోచెయ్యి మెషికా ముఖానికి తగిలి ఆ పిల్ల పట్టు వదిలింది. చాపకీ చాపకీ మధ్య పడింది. మెడ కింది భాగం ముందు తగిలింది.

అరవలేదు. "అమ్మా, లేపొద్దు, కాళ్ళు ఎక్కడున్నాయో తెలీడం లేదు" అంది.

పదకొండు రోజులైంది. ఇప్పటికీ తెలియడం లేదు.

మెషికా మా మెట్ల మీద కూర్చుని లేవడం లేదు. ముక్కు వాచిపోయింది. తనదే తప్పంటుంది. మునియమ్మగారు రోజూ ఇంత రసం అన్నం తెచ్చి నా ముందు పెట్టి, ఏమీ అనకుండా కూర్చుంటుంది. ఆవిడ ఏమైనా అంటే బాగుండును. నేనూ అక్కడే కూర్చుని, ఆ పిల్లతో నీ తప్పు కాదమ్మా అంటాను. ఎవరిదో చెప్పను.

వసంత

*

మల్లెలంక,
7 సెప్టెంబరు 1998

వసంతా,

ఏమి రాయాలో తెలియడం లేదు. నాలుగు కాగితాలు చింపాను.

పంచాయతీ నకలు ఇందులో పెట్టాను. పావుగంట పట్టింది. పావుగంటే పట్టింది వసంతా. మూడో తారీఖున బడికి వెళ్ళి రిజిస్టరు తెప్పించి, నా రాతని నేనే కొట్టేసి, అసలు తేదీ వేసి, తప్పు నాదని కింద రాసి సంతకం పెట్టాను. జిల్లా ఆఫీసుకి కూడా రాశాను. వాళ్ళు ఏం చేస్తారో చెయ్యనీ. మీ వదిన నాతో మాట్లాడటం మానేసింది. దేవుడి పటం వెనక నుంచి ఆ ఫోటో తీసి ముందు పెట్టింది.

నీ ఉత్తరాలన్నీ మళ్ళీ చదివాను. అన్నీ రాశావు. ఏ మెట్టు తర్వాత ఏ మెట్టో, ఏది రాకపోతే ఏమవుతుందో. నేను పిల్లలకి పాఠం చెప్పేవాణ్ణి. నాకు అర్థం కాలేదని ఎలా అనను? అర్థమైంది. నా ఫైలు కదులుతోంది అప్పుడు.

నేను వస్తాను. పాస్‌పోర్టుకి పెట్టాను. వద్దంటే చెప్పు. నవ్యకి ఏం చెప్పాలో నువ్వే చెప్పు.

గిరిధరం

*

రైస్‌థార్ప్,
4 అక్టోబరు 1998

అన్నయ్యా,

నకలు అందింది. ఇప్పుడే రావద్దు. ఎప్పుడు రావాలో నాకే తెలియదు. నిన్ను చూస్తే ఏమంటానో, ఏమీ అనకుండా నీ భుజం మీద పడి ఏడుస్తానో, రెండూ నాకు భయమే. ఉద్యోగానికి ఏమైనా అయితే వదినకి నేను రాస్తాను. నువ్వొక్కడివే చేశావని ఆవిడ అనుకోకూడదు.

పోటీలు పోయిన వారం డర్బన్‌లో జరిగాయి. మన జట్టు వెళ్ళలేదు. వెలరీ ఆసుపత్రికి వచ్చింది, గదిలోకి రాలేక గుమ్మం దగ్గరే నిలబడింది. సంఘం వాళ్ళు రూలు మళ్ళీ మారుస్తారట. ఎత్తు చెయ్యాలంటే కింది మెట్టు ఒక ఏడు చేసినట్టు కార్డు ఉండాలని. అది చెప్పి ఏడ్చింది. నేను ఆవిడకి నిజం చెప్పేశాను. చెప్పాక ఆవిడ నావైపు చూడలేదు. నెమ్మదిగా బయటికి నడిచి వెళ్ళిపోయింది. ఆవిడని చంపినట్టే అయింది. తేలిగ్గా ఉందని తనే ఎత్తి చూసుకుంది కదా.

నిన్న పెద్ద డాక్టరు వచ్చాడు. నవ్య నడవదని నాకూ ఆయనకీ పోయిన నెలే చెప్పాడు. ఇప్పుడు మాట వేరే. వెన్ను ఒంగిపోకుండా లోపల కడ్డీ వెయ్యాలి. పిల్ల ఇంకా ఎంత ఎదుగుతుందో లెక్క చూసుకుని గానీ వెయ్యలేరు. ఫైలులో పన్నెండు దాటినట్టుంది, ఎక్స్‌రేలో ఎముకలు చూస్తే అలా లేవు, మీ పాపకి నిజంగా ఎన్నేళ్ళని అడిగాడు. నకలు నా సంచిలో ఉంది. మా ఆయన వైపు చూశాను. తల వంచుకున్నారు. నేను నోరు తెరిచేలోపు డాక్టరే మంచం మీదికి వంగి, నవ్వుతూ, నవ్యనే అడిగాడు.

దానికి మెడ కదలదు. కళ్ళు మాత్రం నావైపు తిప్పింది. తెలుగులో, మెల్లిగా, డాక్టరుకి వినపడకూడదన్నట్టు అడిగింది.

"అమ్మా, ఇక్కడ ఏ వయసు చెప్పాలి?"

అసలుదే చెప్పమన్నాను. పదకొండు అంది. డాక్టరు రాసుకున్నాడు. రెండు వయసులు ఎందుకున్నాయని అడగలేదు, కాగితం చూపించమనలేదు, మా పర్మిట్టు అడగలేదు. పెన్ను జేబులో పెట్టుకుని పక్క మంచం దగ్గరికి వెళ్ళిపోయాడు. అంతే పట్టింది అన్నయ్యా.

వసంత